యుద్ధం లేని రోజుల్లో నేవీ ఏం చేస్తుంది? సోమాలియా దాకా మనకెందుకు?

లెక్కల_మాస్టారు (గుంటూరు)

పన్ను కట్టేవాడిగా అడుగుతున్నా, దేశభక్తి పాఠాలు చెప్పకుండా సమాధానం ఇవ్వండి. 1971 తర్వాత మన నేవీ సముద్రం మీద పెద్ద యుద్ధమేదీ చేయలేదు. అయినా ఏటా వేల కోట్లు పోస్తున్నాం. పోనీ తీరం కాపలాకే అనుకుందామంటే, పేపర్లో వచ్చే వార్తలన్నీ ఇంకోలా ఉన్నాయి. 2024 జనవరిలో ఐఎన్ఎస్ సుమిత్ర ముందు ఇరాన్ చేపల పడవను విడిపించింది. ఆ మర్నాడే ఇంకో పడవను, అందులో ఉన్న 19 మంది పాకిస్తాన్ జాలర్లను కాపాడింది. మంచి పనే, కాదనను. కానీ ఊళ్లో వాళ్లందరి పొలాలకూ మనమే కాపలా కాయాలా? అందులోనూ జీతం మన జేబులోంచి ఇచ్చి?

విశాఖ_పిల్ల

మాస్టారూ, తీరం పక్కన కాపలాకు కోస్ట్ గార్డ్ వేరే ఉందండీ. తెల్ల ఓడ, పక్కన వాలుగా కాషాయం పట్టీ ఉంటే అది కోస్ట్ గార్డ్. బూడిద రంగు ఓడ అయితే నేవీ. ముంబై దాడుల తర్వాత 2009లో తీర భద్రత మొత్తానికి పెద్ద దిక్కుగా నేవీని పెట్టారు గానీ, రోజువారీ కాపలా కోస్ట్ గార్డ్‌, మెరైన్ పోలీసులే చూస్తారు. మా నాన్న డాక్‌యార్డ్‌లో చేశారు కాబట్టి చిన్నప్పటి నుంచీ ఈ తేడా మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

పాత_సెయిలర్ (శ్రీకాకుళం)

మాస్టారూ, నేను నేవీలో పెట్టీ ఆఫీసర్‌గా రిటైరైన వాణ్ణి. మీరు అడిగింది తప్పేం కాదు, మా ఊళ్లో కూడా ఇదే అడుగుతారు. "యుద్ధం లేదు గదా, ఏటి సేస్తారు మీరంతా ఓడెక్కి?" అని.

నేవీ సిద్ధాంత పుస్తకంలో మా పనిని నాలుగు రకాలుగా చెబుతారు. మొదటిది యుద్ధం, యుద్ధం రాకుండా ఎదుటివాణ్ణి భయపెట్టి ఉంచడం. రెండోది దౌత్యం, అంటే పక్క దేశాల రేవులకు వెళ్లడం, వాళ్లతో కలిసి విన్యాసాలు చేయడం. మూడోది సముద్రం మీద పోలీసు పని. నాలుగోది సాయం: తుపాను, భూకంపం, జనాన్ని తరలించడం, సముద్రం లోతులు కొలవడం. కాగితం మీద నాలుగు గానీ ఓడ మీద అన్నీ ఒకటే. ఉదయం గన్నరీ డ్రిల్లు చేసిన కుర్రాళ్లే మధ్యాహ్నం వేరే ఓడ ఎక్కి సోదా చేసే బోర్డింగ్ పార్టీలో ఉంటారు. వాళ్లే రాత్రి ఇంకెక్కడో బియ్యం బస్తాలు మోస్తారు. నాలుగు పనులకు నాలుగు నేవీలు ఉండవు.

సోమాలియా సంగతి. 2008 అక్టోబరు నుంచి సోమాలియాకూ యెమెన్‌కూ మధ్య ఉన్న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మన నౌక ఒకటి ఎప్పుడూ ఉంటూనే ఉంది. 2017 నుంచి ఇంకా మార్చారు. ఏదైనా జరిగాక ఇక్కడి నుంచి బయల్దేరడం కాకుండా, ముఖ్యమైన దారుల దగ్గర నౌకలను ముందే ఉంచుతున్నారు. ఏడెన్ దగ్గర, పర్షియన్ గల్ఫ్ వైపు, మలక్కా జలసంధి మొహం దగ్గర, అలా. సుమిత్ర ఆ పడవల దగ్గరికి అంత త్వరగా చేరిందంటే అప్పటికే అక్కడ తిరుగుతూ ఉంది కాబట్టే.

సెకండ్_ఆఫీసర్_కాకినాడ

మర్చంట్ నేవీ వాణ్ణి. ప్రస్తుతం సెలవులో ఉన్నా. పైన చెప్పిన దారిలో నేను ఓడ నడిపాను కాబట్టి మాస్టారికి అటువైపు నుంచి చెబుతా.

ఏడెన్ దాటాలంటే కంపెనీ నుంచి పెద్ద జాబితా వస్తుంది. ఓడ చుట్టూ ముళ్ల కంచె చుట్టాలి. ఫైర్ హోసులు బయటికి తిప్పి కట్టాలి. రాత్రుళ్లు డెక్ మీద లైట్లు ఆర్పేయాలి. బ్రిడ్జి మీద వాచ్‌కు మనుషుల్ని పెంచాలి. నౌకలన్నీ ఒక కారిడార్‌లో, ఒక లెక్క ప్రకారం వెళ్తాయి. ఇంకో ఏర్పాటు సిటాడెల్. ఇంజిన్ రూమ్ వైపు ఒక గదిని బలమైన తలుపులతో, నీళ్లతో, రేడియోతో సిద్ధంగా ఉంచుతాం. దొంగలు ఎక్కితే అందరం అందులోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంటాం. ఒక్కడు బయట మిగిలినా ఆ ఏర్పాటు అంతా వృథా, ఎందుకంటే వాణ్ణి పట్టుకుని తలుపు తీయిస్తారు.

2024 జనవరిలో లీలా నార్‌ఫోక్ మీద దొంగలు ఎక్కినప్పుడు అదే జరిగింది. 21 మంది, అందులో 15 మంది మనవాళ్లు, సిటాడెల్‌లోకి వెళ్లిపోయారు. ఐఎన్ఎస్ చెన్నై వెళ్లింది. పైన నేవీ విమానం తిరుగుతూ హెచ్చరించింది. మార్కోస్ అనే నేవీ కమాండోలు ఎక్కి వెతికితే దొంగలు అప్పటికే జారుకున్నారు. ఒక్క గుండు పేలకుండా అందరూ బయటికొచ్చారు. సిటాడెల్ పనికొచ్చేది ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం ఉన్నప్పుడే. ఎవరూ రారని తెలిస్తే అది ఇనప పెట్టె, అంతే.

ఇక మీ జేబు సంగతి. 2010లో షిప్పింగ్ కంపెనీల సంఘాలు పైరసీ 'హై రిస్క్ ఏరియా' గీతను తూర్పున 78 డిగ్రీల రేఖాంశం దాకా జరిపాయి. మ్యాపు తీసి చూడండి, మన పడమటి తీరం మొత్తం అందులోకి వచ్చేసింది! ముంబై, కొచ్చి రేవులకు వచ్చే ఓడ కూడా దొంగల ఇలాకాలో ఉన్నట్టే లెక్క. బీమా ప్రీమియం, తుపాకీ గార్డుల ఖర్చు అంతా సరుకు రవాణా ధరలో కలుస్తుంది. మన విదేశీ వ్యాపారం పరిమాణంలో 95 శాతం దాకా సముద్రం మీదే. క్రూడాయిల్‌లో 85 శాతానికి పైగా దిగుమతే. 2015 డిసెంబరులో గానీ ఆ గీత మళ్లీ 65 డిగ్రీలకు వెళ్లలేదు. మన ప్రభుత్వం ఏళ్ల తరబడి దాని కోసం పోరాడింది.

పాత_సెయిలర్ (శ్రీకాకుళం)

ఆ గీత వెనక భయం ఉత్తిది కాదు బాబూ. 2011 మొదట్లో దొంగలు లక్షదీవుల దాకా వచ్చేశారు. ప్రాంతలే 14, ప్రాంతలే 11, వేగా 5... అన్నీ వాళ్లు ఎత్తుకుపోయి తల్లి ఓడలుగా, అంటే చిన్న బోట్లను దాడికి పంపే స్థావరాలుగా, వాడుకున్న చేపల ఓడలే. వాటిని పట్టుకున్నది నేవీ, కోస్ట్ గార్డే. వేగా 5 మీద ఒక్కసారే 61 మంది దొరికారు. మాస్టారూ, అప్పుడు మేం సోమాలియా వెళ్లలేదు, సోమాలియానే మన దగ్గరికి వచ్చింది.

లెక్కల_మాస్టారు (గుంటూరు)

సరే, గీత విషయం బాగా చెప్పారు, ఇది నాకు కొత్త. కానీ ఇంకో లెక్క చూడండి. ఆ ఓడల్లో ఎక్కువ వాటి మీద ఉండే జెండాలు పనామా, లైబీరియా, మాల్టా, మార్షల్ దీవులవి. పన్ను తప్పించుకోవడానికే కదా ఆ జెండాలు? లీలా నార్‌ఫోక్ లైబీరియా జెండా. పన్ను లైబీరియాకి, కాపలా మన నేవీనా? లైబీరియా నేవీని పిలవమనండి!

సెకండ్_ఆఫీసర్_కాకినాడ

😀 లైబీరియా నేవీ ఏడెన్ దాకా రావాలంటే ముందు మా ఓడే వాళ్లకు లిఫ్ట్ ఇవ్వాలి.

మాస్టారూ, మీ కోపం న్యాయమే. జెండా ఒకరిది, యజమాని ఇంకొకరు, సరుకు మూడోవాడిది, మనుషులు మనవాళ్లు. వ్యవస్థే అలా ఉంది. కానీ 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ మీద యెమెన్ హౌతీ తిరుగుబాటుదారుల క్షిపణి పడింది. మార్షల్ దీవుల జెండా, లోపల నాఫ్తా, అంటే ఇట్టే అంటుకునే పెట్రోలియం ద్రవం. అంటుకుంది. సిబ్బంది 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. వాళ్లు పిలిస్తే ఐఎన్ఎస్ విశాఖపట్నం వెళ్లింది. నేవీ నుంచి పది మంది ఆర్పే సామానుతో ఆ ఓడ ఎక్కి, సిబ్బందితో కలిసి గంటల తరబడి పోరాడి మంటలు ఆర్పారు. నాఫ్తా అంటే ఏమిటో తెలిసినవాడెవడూ జీతం కోసం మాత్రమే ఆ నిచ్చెన ఎక్కడు. అక్కడ "మీ జెండా ఏది?" అని అడిగి వెనక్కి తిరగాలా?

గ్రూప్స్_అభ్యర్థి

మధ్యలో అడ్డొస్తున్నా. మెయిన్స్‌కు పనికొస్తుందని అడుగుతున్నా. వేరే దేశం జెండా ఉన్న ఓడ మీదికి మన నేవీ ఏ హక్కుతో ఎక్కుతుంది? అది వాళ్ల భూభాగం లాంటిది కదా?

నల్లకోటు_నాని

మామూలుగా అయితే ఎక్కకూడదు తమ్ముడూ. బహిరంగ సముద్రంలో ఓడ మీద అధికారం జెండా దేశానిదే. దానికి మినహాయింపుల్లో పైరసీ ముఖ్యమైనది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందం, ఆర్టికల్ 105 చూడు. పైరేట్ల చేతిలో ఉన్న ఓడను ఏ దేశమైనా పట్టుకోవచ్చు, పట్టుకున్న దేశం కోర్టులే శిక్ష వేయొచ్చు. ఒక దేశపు 12 నాటికల్ మైళ్ల లోపల జరిగితే మాత్రం అది పైరసీ కిందికి రాదు, ఆ దేశం పోలీసుల పని. సోమాలియాలో ఆ పోలీసులే లేరు కాబట్టి 2008లో భద్రతా మండలి 1816 తీర్మానం చేసి, సోమాలియా ప్రభుత్వానికి సహకరించే దేశాలను ఆ జలాల్లోకి కూడా వెళ్లనిచ్చింది.

పట్టుకోవడం ఒక ఎత్తు, శిక్ష వేయడం ఇంకో ఎత్తు. 1999లో అలొండ్రా రెయిన్‌బో అనే జపాన్ వాళ్ల ఓడను ఎత్తుకుపోతుంటే మన నేవీ, కోస్ట్ గార్డ్ వెంటాడి పట్టుకున్నాయి. ప్రపంచమంతా మెచ్చుకుంది. ముంబై సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2005లో బాంబే హైకోర్టులో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. పైరసీకి మన దగ్గర సొంత చట్టమే లేదప్పుడు. ఆ చట్టం రావడానికి 2022 డిసెంబరు దాకా పట్టింది! పట్టుకున్నవాడు తీరంలో, చట్టం ఫైల్లో. మన దేశంలో ఇది వింతేం కాదు లెండి.

కొత్త చట్టం మొదటి పెద్ద పరీక్ష రుయెన్ కేసు. దాని ఆపరేషన్ గురించి పాత సెయిలర్ గారు చెబితే బాగుంటుంది.

పాత_సెయిలర్ (శ్రీకాకుళం)

నేను అప్పటికే రిటైరయ్యాను, అయినా ఆ రెండు రోజులు ఫోను కింద పెట్టలేదు.

రుయెన్ మాల్టా జెండా ఉన్న బల్క్ క్యారియర్, అంటే విడి సరుకు మోసే ఓడ. 2023 డిసెంబరు 14న దొంగలు ఎత్తుకుపోయారు. మూడు నెలలు సోమాలియా తీరంలో పెట్టుకుని, 2024 మార్చిలో దాన్నే తల్లి ఓడగా వాడదామని బయటికి తీశారు. ఐఎన్ఎస్ కోల్‌కతా అడ్డం వెళ్లింది. ముందు డ్రోన్ పంపి లోపల ఎవరున్నారో చూసింది, దొంగలు ఆ డ్రోన్‌ని కాల్చేశారు. కోల్‌కతా మీదికీ కాల్చారు.

ఇక్కడ ఆగండి. తిరిగి పెద్ద గన్ను పేలిస్తే పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ లోపల 17 మంది బందీలు. కాబట్టి కోల్‌కతా రుయెన్ స్టీరింగును, దారి చూపే పరికరాలను దెబ్బతీసింది. ఓడ ఎటూ పోలేదు, మునగనూ మునగదు. ఆ దూరంలో, కదులుతున్న ఓడ మీద, లోపల మనుషులకు తగలకుండా అంత కచ్చితంగా కాల్చడం ఎంత టెన్షనో గన్ దగ్గర నిలబడ్డవాడికే తెలుస్తుంది. ఆ తర్వాత వాయుసేన సీ-17 విమానం మన తీరం నుంచి 2,600 కిలోమీటర్ల అవతలికి వెళ్లి, రెండు రబ్బరు బోట్లను, మార్కోస్‌ను పారాచూట్లతో సముద్రంలో దించింది. ఐఎన్ఎస్ సుభద్ర కూడా వచ్చి చేరింది. మొత్తం 40 గంటలు. 35 మంది దొంగలూ చేతులెత్తారు, 17 మందీ దెబ్బ తగలకుండా బయటికొచ్చారు. మార్చి 23న దొంగలను ముంబై తెచ్చి పోలీసులకు అప్పజెప్పారు.

లెక్కల_మాస్టారు (గుంటూరు)

గొప్ప పనే. చప్పట్లు. కానీ ఎప్పుడూ ఇలాగే జరిగిందా? 2008 నవంబరులో ఐఎన్ఎస్ తబర్ ఒక 'దొంగల తల్లి ఓడ'ను పేల్చేసిందని టీవీలన్నీ ఊగిపోయాయి. తర్వాత తేలిందేమిటి? అది ఎకవత్ నావా 5 అనే థాయ్ చేపల ఓడ, దొంగలు అప్పటికే ఎత్తుకుపోయినది, లోపల కట్టేసిన సిబ్బంది ఉన్నారు. పాపం అందులో బతికి దొరికినవాడు ఒక్కడే. ఇది ఎవరూ గుర్తు చేయరు.

పాత_సెయిలర్ (శ్రీకాకుళం)

మీరు గుర్తు చేసినందుకు కోపం లేదు మాస్టారూ. నిజమే అది. తమ మీదికి కాల్చారు కాబట్టి తిరిగి కాల్చామని నేవీ చెప్పింది. ఆ ఓడ దొంగల చేతిలోనే ఉందన్నదీ నిజమే. కానీ లోపల బందీలు ఉండొచ్చన్న అనుమానం ముందు రావాలన్నది ఆ రోజుల్లో అన్ని దేశాల నేవీలకూ పాఠం అయింది. 2008లో తబర్‌కూ 2024లో కోల్‌కతాకూ మధ్య తేడా అదే. ముందు డ్రోన్ పంపడం, స్టీరింగు మాత్రమే కొట్టడం, 40 గంటలు ఓపిక పట్టడం.

పుడిమడక_కుర్రోడు

మాది జాలర్ల కుటుంబం. ఇంతసేపూ పెద్ద ఓడల గురించే మాట్లాడారు, చిన్న పడవ గురించి ఒక మాట.

2012 ఫిబ్రవరిలో కేరళ దగ్గర ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకర్ మీది నుంచి ఇటలీ నేవీ గార్డులు ఇద్దరు మన జాలర్లను కాల్చి చంపారు. పైరేట్లనుకున్నాం అన్నారు. సెకండ్ ఆఫీసర్ అన్న చెప్పిన ఆ గీత లోపలే జరిగింది అది. గీత మన తీరం దాకా జరిగితే మన తెప్ప కూడా వాళ్ల కంటికి దొంగ పడవే. చివరికి 10 కోట్ల పరిహారం ఇప్పించి 2021లో సుప్రీంకోర్టు కేసు ముగించింది. అందుకే పైరసీ ఎక్కడో దూరంగా అణిగి ఉండటం మాకూ కావాలి.

కానీ ఇంకో సంగతి. 2018 నవంబరులో గుజరాత్ వేరావల్ బోట్లలో కూలికి వెళ్లిన మన ఉత్తరాంధ్ర జాలర్లను పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. 2020 జనవరిలో గానీ 20 మంది వాఘా దాటి రాలేదు. అప్పుడు బూడిద రంగు ఓడ ఏదీ అడ్డం రాలేదు. వాళ్లు గీత దాటారు, చట్టం ప్రకారం నేవీ ఏం చేయలేదు అంటారు, తెలుసు. అయినా పాకిస్తాన్ జాలర్లను మన నేవీ కాపాడిందన్న వార్త చదివినప్పుడు మా పేటలో ఎలా అనిపిస్తుందో కూడా చెప్పాలి కదా. సంతోషమే, దాంతో పాటు ఇంకోటి కూడా.

మరొకటి, విశాఖ పక్కన ఫైరింగ్ ప్రాక్టీస్ ఉన్న రోజుల్లో ఫలానా చోటికి పోవద్దంటారు. మైకులో చెబుతారు. కానీ వేట కూలి పోయిన రోజుకు ఎవరూ ఏమీ ఇవ్వరు.

విశాఖ_పిల్ల

తమ్ముడూ, ఆ చివరి మాట నిజం, మా నాన్న కూడా ఒప్పుకుంటారు.

నేను నాలుగో రకం పని గురించి చెప్తా, ఎందుకంటే అందులో మా ఊరి ఓడలు ఉన్నాయి. ఐఎన్ఎస్ జలాశ్వ చూశారా ఎవరైనా? అమెరికా నుంచి 2007లో తీసుకున్నది, పాత పేరు ట్రెంటన్. విశాఖే దాని ఇల్లు. కరోనా అప్పుడు 2020 మే నెలలో మాల్దీవుల రాజధాని మాలే వెళ్లి 698 మందిని ఎక్కించుకుని కొచ్చిలో దించింది. అందులో గర్భిణులు, చంటిపిల్లలు. యుద్ధ ట్యాంకులు పెట్టే డెక్ మీద మంచాలు వేసి దూరం దూరంగా పడుకోబెట్టారు. ఆ ఏడాది ఆపరేషన్ సముద్ర సేతులో జలాశ్వ, మిగతా ఓడలు కలిపి నాలుగు వేల మంది దాకా తెచ్చాయి.

2015లో యెమెన్ గుర్తుందా? ఏడెన్‌లో కాల్పులు జరుగుతుంటే రేవులోకి వెళ్లి జనాన్ని ఎక్కించుకుంది మళ్లీ ఈ సుమిత్రే. మొదటి ట్రిప్పులో 349 మంది. ఎదురుగా ఆఫ్రికా ఒడ్డున ఉన్న జిబూటీలో దించి మళ్లీ వెళ్లింది. ఆపరేషన్ రాహత్ మొత్తంలో విమానాలూ ఓడలూ కలిపి 4,600 మందికి పైగా భారతీయులతో పాటు 41 దేశాల వాళ్లు 960 మందిని తెచ్చారు. మన గల్ఫ్ తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు మాస్టారూ, రేపు అక్కడ ఏదైనా అయితే రేవులోకి వెళ్లేది ఎవరు? చార్టర్ విమానం రన్‌వే ఉంటేనే దిగుతుంది.

ఇంకోటి ఎక్కువమందికి తెలియదు. నీళ్లలో ఇరుక్కుపోయిన సబ్‌మెరైన్ లోంచి మనుషుల్ని తీసే వాహనం, డీఎస్‌ఆర్‌వీ అంటారు, ప్రపంచంలో చాలా తక్కువ దేశాల దగ్గర ఉంది. మన వాటిల్లో ఒకటి విశాఖలో ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో బాలి దగ్గర ఇండోనేషియా సబ్‌మెరైన్ నంగాలా 53 మందితో కనిపించకుండా పోతే, మర్నాడే విశాఖ నుంచి ఇది బయల్దేరింది. అది దారిలో ఉండగానే నంగాలా 838 మీటర్ల లోతులో ముక్కలై దొరికింది. ఎవరినీ కాపాడలేకపోయారు. కానీ "మర్నాడే" అన్నది చూడండి. రేపు మన సబ్‌మెరైన్‌కి అలా అయితే ఇంకో దేశం అలాగే బయల్దేరాలి కదా.

లెక్కల_మాస్టారు (గుంటూరు)

తరలింపు ఒప్పుకుంటున్నా, అది నేవీ లేకుండా అయ్యే పని కాదు. పైరసీ మూడొంతులు ఒప్పుకున్నా. కానీ ఈ 'దౌత్యం' అనేది మాత్రం నాకు మింగుడు పడదు. 2024లో విశాఖలో మిలన్ పేరుతో నేవీల ఉమ్మడి విన్యాసాలు అన్నారు, యాభై దేశాలన్నారు, బీచ్ రోడ్డులో బ్యాండ్లూ కవాతులూ. అది పెళ్లి ఊరేగింపు కాక మరేమిటి?

పాత_సెయిలర్ (శ్రీకాకుళం)

ఊరేగింపు కొంత ఉంది, కాదనను. ఆ రోజుల్లో ఇత్తడి తోమి తోమి మా చేతులు అరిగిపోయేవి. కానీ 1995లో పోర్ట్ బ్లెయిర్‌లో మిలన్ మొదలైనప్పుడు వచ్చినవి నాలుగు పొరుగు దేశాలే. ఎందుకు పెరిగిందంటే ఉపయోగం ఉంది కాబట్టి. రెండు నేవీల రేడియో పద్ధతి ఒకటి కాకపోతే, ఎదురెదురుగా ఉండి కూడా మాట్లాడుకోలేం. ఒకరి హెలికాప్టర్ ఇంకొకరి డెక్ మీద దిగాలంటే ముందు ఎప్పుడో దిగి చూసి ఉండాలి.

ఇంకో రకం దౌత్యం ఉంది, దానికి బ్యాండ్ ఉండదు. సర్వే ఓడలు. నెలల తరబడి మారిషస్, సీషెల్స్, మొజాంబిక్ లాంటి చోట్ల సముద్రం అడుగు కొలిచి చార్టులు గీసిస్తాయి. చార్టు లేకపోతే ఆ రేవుకు పెద్ద ఓడ రాదు. ఆ పని అంతా చూసే హైడ్రోగ్రఫీ ఆఫీసు ఎక్కడుందో తెలుసా? డెహ్రాడూన్ కొండల్లో! 2014 డిసెంబరులో మాలేలో మంచినీళ్ల ప్లాంటు తగలబడితే ఐఎన్ఎస్ సుకన్య నీళ్లు తీసుకెళ్లింది, పైగా తన ప్లాంటుతో అక్కడే నీళ్లు చేసి ఇచ్చింది. 2004 సునామీ మన అండమాన్‌నీ తమిళనాడునీ ముంచిన రోజుల్లోనే శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండోనేషియాకు కూడా ఓడలు వెళ్లాయి.

మనం వెళ్లకపోతే ఆ రేవుకు ఎవరూ వెళ్లరని కాదు. చైనా 2017లో జిబూటీలో స్థావరం పెట్టుకుంది. వాళ్లదీ పైరసీ కాపలాతోనే మొదలైంది.

నల్లకోటు_నాని

దౌత్యం ఎప్పుడూ నవ్వుతూ ఉండదని కూడా చెప్పాలి. 2021 ఏప్రిల్ 7న అమెరికా నౌక జాన్ పాల్ జోన్స్ లక్షదీవులకు పడమరగా 130 నాటికల్ మైళ్ల దూరంలో, మన తీరం నుంచి 200 మైళ్ల దాకా ఉండే సముద్ర ఆర్థిక మండలం (ఈఈజెడ్)లో, అడగకుండా తిరిగి వెళ్లింది. పైగా తిరిగామని వాళ్లే ప్రకటన ఇచ్చారు. 200 మైళ్ల లోపల విదేశీ సైనిక విన్యాసాలకు మన అనుమతి కావాలని మన వాదన, అక్కర్లేదని వాళ్ల వాదన. కలిసి మలబార్ విన్యాసాలు చేసే మిత్రుడే ఆ పని చేశాడు. మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, అంతటితో సరి. నేవీ ఓడ ఊరికే అలా వెళ్లి రావడం కూడా ఒక లీగల్ నోటీసే.

గ్రూప్స్_అభ్యర్థి

అంత దూరంలో నెలల తరబడి ఉంటే డీజిల్, తిండి ఎలా అండీ?

పాత_సెయిలర్ (శ్రీకాకుళం)

అసలు ప్రశ్న అడిగావు తమ్ముడూ. ఒమన్‌లో సలాలా, అటు జిబూటీ లాంటి రేవుల్లోకి మధ్యమధ్య వెళ్తాం. లేదంటే నడి సముద్రంలోనే ట్యాంకర్ ఓడ నుంచి నింపుకోవాలి. రెండు ఓడలూ పక్కపక్కన, యాభై మీటర్ల దూరం కూడా లేకుండా, ఒకే వేగంతో గంటల తరబడి వెళ్లాలి. ముందు సన్న తాడు అటు పేలుస్తారు, దాని వెనక లావు తాడు, దాని వెనక గొట్టం. మధ్యలో నీళ్లు రెండు ఓడల మధ్య నలిగి పైకి లేస్తుంటాయి. స్టీరింగ్ పట్టుకున్నవాడు ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే గుద్దుకుంటాం. ఆ ముప్పై మీటర్ల నీళ్ల వంక చూస్తూ మాట్లాడేవాడు ఎవడూ ఉండడు.

ఇలాంటి ట్యాంకర్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. శక్తి, జ్యోతి మా తూర్పు ఫ్లీట్‌వి. 2023 ఆగస్టులో విశాఖ హిందూస్తాన్ షిప్‌యార్డుకు కొత్తగా ఐదు ఓడల ఆర్డరు ఇచ్చారు, ఒక్కొక్కటి 44 వేల టన్నులు, మొత్తం 19 వేల కోట్లు. మాస్టారూ, మీ పన్ను డబ్బు కొంత గాజువాకలో వెల్డర్ల జీతం అవుతోంది.

వికారాబాద్_వాసి

విశాఖ వాళ్లకు ఓడలొస్తాయ్, ఆర్డర్లొస్తాయ్. మాకేమొచ్చిందో చెప్పాలె కదా. సముద్రమే లేని మా వికారాబాద్ జిల్లాల, పూడూరు మండలం దామగుండం అడవిల నేవీ రాడార్ స్టేషన్. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి వచ్చి శంకుస్థాపన చేసిండు. 2,900 ఎకరాల అడవి. మూసీ పుట్టేది ఈ పక్క కొండల్లనే. అక్కడ రామలింగేశ్వర స్వామి గుడి ఉన్నది, జాతర ఉన్నది. మా అడవికి, సోమాలియా దొంగలకు సంబంధమేంది?

పాత_సెయిలర్ (శ్రీకాకుళం)

అన్నా, అది రాడార్ కాదు, అందరూ అలా అంటున్నారు గానీ. అది సబ్‌మెరైన్లకు సందేశం పంపే వీఎల్‌ఎఫ్ స్టేషన్. మామూలు రేడియో తరంగం ఉప్పునీళ్లలోకి దిగదు. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ, అంటే కిలోమీటర్ల పొడవున్న తరంగం అయితేనే కొన్ని మీటర్ల లోతుకు దిగుతుంది. దానికి యాంటెన్నా కూడా ఎకరాలకొద్దీ పరుచుకోవాలి. అదీ ఒకవైపే: సబ్‌మెరైన్ వింటుంది, జవాబు ఇవ్వదు. ఇస్తే ఎక్కడుందో తెలిసిపోతుంది.

అరిహంత్, 2024 ఆగస్టులో విశాఖలో చేరిన అరిఘాత్ లాంటి అణు సబ్‌మెరైన్లు బయటికి పోయాక వాటికి ఢిల్లీ మాట చేరే దారి ఇదే. నేను మొదట చెప్పిన నాలుగు పనుల్లో మొదటిది, యుద్ధం రాకుండా ఆపేది, దీని మీద నడుస్తుంది. ఇప్పటికి తమిళనాడులో తిరునల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ స్టేషన్ ఉంది. ఒక్కదాని మీదే ఆధారపడితే ఎలా? రెండోది తీరానికి దూరంగా, ఎత్తుగా ఉండాలనుకున్నారు.

వికారాబాద్_వాసి

ఒకవైపే వినుడు అంటే మా ఊరోళ్లకు బాగా తెలుసన్నా. మాకు కూడా గట్లనే చెప్పిన్రు. అవసరం లేదని నేను అంటలేను. చెట్లు ఎన్ని పోతయ్, గుడికి దారి ఉంటదా, చెరువుల సంగతేంది అని అడిగితే సరిగ్గ జవాబు ఇచ్చేటోడు ఉండాలె.

లెక్కల_మాస్టారు (గుంటూరు)

వికారాబాద్ తమ్ముడి బాధా పుడిమడక తమ్ముడి బాధా నా బాధా ఒకటే. పని తప్పని నేను అనడం లేదు, లెక్క చెప్పమంటున్నా. రుయెన్ మీద ఆ 40 గంటలకు ఎంత ఖర్చయింది? సీ-17 పోను రాను ఇంధనం ఎంత? మాల్టా వాడికి బిల్లు పంపామా?

మోడరేటర్

దామగుండం పర్యావరణ చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అది అక్కడ కొనసాగించండి. ఇక్కడ విషయం మీదే ఉందాం.

నల్లకోటు_నాని

బిల్లు పంపే ఆచారం లేదు మాస్టారూ. సముద్రంలో ఆపదలో ఉన్న మనిషిని కాపాడటం అందరి బాధ్యత, ప్రాణం కాపాడినందుకు రుసుము అడగరు. ఓడనూ సరుకునూ కాపాడితే సాల్వేజ్ అని వేరే చట్టం ఉంది, అది ఇంకో పెద్ద కథ. నేవీ ఖర్చుల మీద కాగ్ నివేదికలు పార్లమెంటుకు వస్తాయి, వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, చదవండి. వాటిల్లో ఓడల కొనుగోళ్లు, ఆలస్యాలు ఉంటాయి గానీ ఒక్కో ఆపరేషన్ లెక్క ఉండదు.

లెక్కల_మాస్టారు (గుంటూరు)

అయితే సమాచార హక్కు కింద అడుగుతా.

నల్లకోటు_నాని

సెక్షన్ 8(1)(ఎ) కింద దేశ భద్రత అని తిప్పి పంపే అవకాశమే ఎక్కువ.

లెక్కల_మాస్టారు (గుంటూరు)

పంపనీండి. పది రూపాయల పోస్టల్ ఆర్డరే కదా. రేపు పోస్టాఫీసు తెరవగానే వేసేస్తా. జవాబు ఏదొచ్చినా ఇక్కడే పెడతా.